వెల యెంత? విలువ యెంత?

హైదరాబాదు నగరానికి తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుండి కొత్తపేట మీదుగా ఎల్.బి. నగర్ చేరే రహదారిని చూసినవారికి ఒక వింత కనబడుతుంది. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ వరకు ప్రారంభమైన మెట్రో రైలు తలపైన పోతూ వుంటుంది. క్రింద రహదారికి రెండు ప్రక్కల అద్దాల తలుపులుగల పెద్ద దుకాణాలలో ఫ్యానులు, ఫోనులు, నీళ్ళ ఫిల్టర్లు దీపకాంతిలో మెరుస్తూ వుంటవి. ఆ దుకాణాల ముందరే తోపుడు బండ్ల మీద ఛార్జర్లు, పవర్ బ్యాంకులు, చిన్న ఫ్యానులు లోపలి ధరలో అయిదవ వంతుకో పదవ వంతుకో అమ్ముతూ వుంటారు. లోపలి వస్తువుకూ బయటి వస్తువుకూ మధ్య దూరం పది అడుగులు. ధరలో తేడా ఒక్కొక్కప్పుడు రెండు వేల రూపాయలు. ఆ రెండు వేలకు మనకు అదనంగా దొరికే దేమిటి?

ఈ ప్రాంతంలోని ఒక కళాశాలలో పాఠాలు చెప్పేవాడిని గనుక యీ ప్రశ్న నన్ను తరచుగా అడుగుతూ వుంటారు. "సార్, ఏది కొనమంటారు?" అని విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, తోటి అధ్యాపకులు కూడా అడుగుతారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అన్నారు పెద్దలు. నేను చెప్పినదంతా విని, చివరకు దుకాణదారు చెప్పినదే కొనుక్కొని వచ్చినవారే యెక్కువ. అందుచేత ఫలానా వస్తువు కొనండని చెప్పడం మాని, వస్తువును ఏ విధంగా పరీక్షించవలెనో చెప్పడం మేలని తోచి యీ వ్యాసం వ్రాస్తున్నాను.

రెండు పక్షాలు

వస్తువులు కొనే విషయంలో మనలో రెండు పక్షాలు ఉన్నవి. "పిండి కొద్దీ రొట్టె" అనేది ఒక పక్షం. ఎక్కువ ధర పెట్టితే ఎక్కువ మంచి వస్తువు వస్తుందని వీరి నమ్మకం. "అన్నీ ఒక తానులో గుడ్డలే" అనేది రెండవ పక్షం. లోపల సరుకు ఒకటే, పేరు కోసమే అదనపు సొమ్ము గుంజుతున్నారని వీరి అభిప్రాయం. ఈ రెండు పక్షాలవారూ పరస్పరం వాదించుకొంటారు గాని, నిజానికి ఇద్దరిదీ ఒకటే పొరపాటు. ఇద్దరూ వస్తువును కొలవకుండా దాని మీద అంటించిన ధరచీటీనే చూస్తున్నారు.

ధర వేరు, పని వేరు అనడానికి గడియారం మంచి ఉదాహరణ. 1942లో స్థాపితమైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ 1980 దశకంలో చేతి గడియారాలు తయారు చేసేది. ఆ కాలం నుండే మన దేశంలో క్వార్ట్జ్ గడియారాలు వ్యాపించినవి. క్వార్ట్జ్ గడియారంలోని చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కించి గడియారం కాలం చెపుతుంది. మామూలు క్వార్ట్జ్ గడియారం నెలకు సుమారు 15 సెకన్లు అటూ యిటూ పోతుంది. అనగా రోజుకు అర సెకను. స్ప్రింగుతో నడిచే ఖరీదైన స్విస్ గడియారానికి అక్కడి పరీక్షాసంస్థ నాణ్యతాపత్రం ఇవ్వాలంటే రోజుకు సగటున 4 సెకన్లు తగ్గడం, 6 సెకన్లు పెరగడం వరకు అనుమతి కలదు. కాలం చెప్పడమనే పనిలో కొన్ని వందల రూపాయల గడియారం లక్షల రూపాయల గడియారాన్ని మించి పోతున్నది. లక్షల గడియారం కొనేవారు మూర్ఖులని కాదు. వారు కొంటున్నది ఆభరణాన్ని. ఆ సంగతి వారికి తెలిసి వుంటే చాలును. తెలియకుండా కొన్నప్పుడే చిక్కు.

రంగు మారిన నీరు

తెలియకుండా కొన్నప్పుడు ఏమవుతుందో ఒక సంఘటన చెపుతాను. కొంతకాలం క్రిందట మా విద్యార్థి ఒకడు సీసాలో గోధుమరంగు నీరు తెచ్చి నా బల్లమీద పెట్టినాడు. "సార్, మా యింటి కుళాయి నీళ్ళలో ఇంత మురికి ఉన్నదట" అన్నాడు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. ఆ క్రితం ఆదివారం ఒక అమ్మకందారు వారి యింటికి వచ్చి రెండు గ్లాసులు తీసుకొన్నాడు. ఒకదానిలో కుళాయి నీరు, రెండవదానిలో తన ఫిల్టరు నీరు పోసినాడు. లోహపు కడ్డీలు గల చిన్న పరికరం ఒకటి రెండింటిలో ఉంచి కరెంటు ఇచ్చినాడు. రెండు మూడు నిమిషాలలో కుళాయి నీరు మురికి కాలువ నీరులా మారినది. ఫిల్టరు నీరు తేటగా ఉన్నది. "ఇన్నాళ్ళూ పిల్లలకు ఈ విషమే పోస్తున్నారమ్మా" అన్నాడట. ఆ తల్లి భయపడి పద్ధెనిమిది వేల రూపాయల ఆర్.ఓ. ఫిల్టరుకు ఒప్పుకొన్నది. ఆరునెలల వాయిదాలు. అది పిల్లవాడి పరీక్ష ఫీజు కట్టవలసిన నెల కూడాను.

ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి యీ గారడీ బోధపడక పోవడానికి కారణం లేదు. ఇది విద్యుద్విశ్లేషణమే. కుళాయి నీటిలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలు కొద్దిగా కరిగి వుంటవి. అందుచేత ఆ నీటి గుండా కరెంటు ప్రవహిస్తుంది. ధనధ్రువంగా ఉన్న ఇనుప కడ్డీ కరిగి, ఇనుము నీటిలోకి దిగుతుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగు హైడ్రాక్సైడుగా మారుతుంది. ఆ రంగు కుళాయిలో నుండి వచ్చినది కాదు, కడ్డీలో నుండి వచ్చినది. ఫిల్టరు నీటిలో లవణాలు దాదాపు లేవు గనుక కరెంటు ప్రవహించదు, కడ్డీ కరగదు, రంగు రాదు.

ఆ మధ్యాహ్నం ప్రయోగశాలలో రెండు ఇనుప మేకులు, 9 వోల్టుల బ్యాటరీ తీసుకొని పరీక్షించినాము. ఆర్.ఓ. నీటిలో మేకులు పెట్టితే రంగు రాలేదు. అదే నీటిలో వంటయింటి ఉప్పు చిటికెడు వేసి పెట్టినాము. కొద్దిసేపటికి అమ్మకందారు "శుద్ధమైన" నీరు కూడా గోధుమరంగుకు తిరిగినది. మనం రోజూ పప్పులో వేసుకొనే ఉప్పు విషమైతే తప్ప, ఆ ప్రదర్శనకు అర్థం లేదు. ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని తరగతిలో తప్పక చేయించవచ్చును. కాని బ్యాటరీతోనే చేయవలెను. గోడ ప్లగ్గు కరెంటును నీటిలోకి ఇవ్వడం ప్రాణాపాయం.

మరి ఆ యింటి నీటికి ఆర్.ఓ. అవసరమా? నీటిలో కరిగిన ఘనపదార్థాల మొత్తాన్ని టి.డి.ఎస్. అంటారు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం త్రాగునీటిలో ఇది లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు వాంఛనీయం. వేరే ఆధారం లేనిచోట 2,000 వరకు అనుమతి. ఆ విద్యార్థి యింటికి వచ్చేది నాగార్జునసాగర్ నుండి తెచ్చి కోదండాపురం వద్ద శుద్ధిచేసిన కృష్ణా నీరు. మా మీటరులో అది మూడువందల చిల్లర చూపినది. ఇట్టి నీటికి భయం ఉన్నదంటే అది లవణాల వలన కాదు, ఇంటి సంపులోను, పైపులలోను చేరగల సూక్ష్మజీవుల వలన. వాటిని సంపు కడిగించి, నీటిని మరగబెట్టి, లేదా తక్కువ ధరలో దొరికే అతినీలలోహిత కిరణాల ఫిల్టరుతో తొలగించవచ్చును. టి.డి.ఎస్. మీటరుకు సూక్ష్మజీవులు కనబడవు. పైగా ఇళ్ళలో వాడే ఆర్.ఓ. యంత్రాలలో చాలా వరకు ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు కాలువలోకి వదులుతవి. టి.డి.ఎస్. 500 కంటె తక్కువ ఉన్నచోట ఆర్.ఓ.ను నిషేధిస్తూ నియమాలు చేయవలెనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించినది కూడా ఇందుకే.

అదే యంత్రం, వేరొక ఊరు

ఇంతమాత్రాన ఆర్.ఓ. పనికిరాని వస్తువని తీర్పు చెప్పితే మనమూ తొందరపడినవారమే అవుతాము. ఎల్.బి. నగర్ కూడలిలో బస్సెక్కితే రెండు మూడు గంటలలో నల్లగొండ చేరుకోవచ్చును. ఆ జిల్లాలో అనేక గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు అధికం. ఐ.ఎస్. 10500 ప్రకారం అది లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు వాంఛనీయం. ఒకటిన్నర మించరాదు. ఆ హద్దు దాటిన నీరు ఏళ్ళ తరబడి త్రాగిన వారికి పళ్ళు గారకట్టినవి, ఎముకలు వంకరపోయినవి. మిషన్ భగీరథ పథకం క్రింద నదీజలాలు అందక ముందు అక్కడ ఆర్.ఓ. నీరు విలాసం కాదు, ఆరోగ్యానికి రక్ష. మరగబెట్టితే ఫ్లోరైడు పోదు, నీరు తగ్గి దాని గాఢత పెరుగుతుంది. ఇక్కడ కూడా చవకైన మార్గం ఒకటి ఉండినది. నాగపూరులోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిన "నల్లగొండ పద్ధతి"లో పటిక, సున్నం తగు పాళ్ళలో నీటికి కలిపి, కలియబెట్టి, తేర్చితే ఫ్లోరైడు చాలవరకు మడ్డితో దిగిపోతుంది. కావలసిన ఉపకరణం ఒక బకెట్టు. అయితే పటిక కొలత ప్రతిదినం జాగ్రత్తగా చూసుకొనే మనిషి ఉండాలి.

కొత్తపేటలో కూడా బోరు నీటి మీద, ట్యాంకరు నీటి మీద నడిచే అపార్టుమెంట్లు లేకపోలేదు. అక్కడ టి.డి.ఎస్. వేయి దాటితే ఆర్.ఓ. కొనడం సబబే. చూడండి, యంత్రం ఒకటే. ఒక యింట్లో దండుగ, ఒక యింట్లో అవసరం. కావున వస్తువు విలువ వస్తువులో మాత్రమే లేదు. వస్తువు చేసే పనికీ, మన యింటి అవసరానికీ మధ్య ఉన్నది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

తేలికైన పెట్టె

ఇంతవరకు ఖరీదైన వస్తువు సంగతి. ఇప్పుడు చవక వస్తువు సంగతి చూతము. ఇందులో మోసపోయినవాడను నేనే గనుక నిస్సంకోచంగా చెప్పగలను.

రహదారి ప్రక్కన ఒక బండి మీద 20,000 మిల్లీ ఆంపియర్-గంటల పవర్ బ్యాంకు మూడువందల యాభై రూపాయలకు దొరికినది. పెద్ద దుకాణంలో దానికి నాలుగింతలు. సంతోషంగా కొన్నాను. నా ఫోనును ఒకసారి నింపి, రెండవసారి సగంలో ఆగిపోయినది. అప్పుడు గాని భౌతికశాస్త్రం గుర్తుకు రాలేదు.

పవర్ బ్యాంకులోని లిథియం ఘటాల వోల్టేజి సగటున 3.7 వోల్టులు. 20,000 మిల్లీ ఆంపియర్-గంటలు అనగా 20 ఆంపియర్-గంటలు. దీనిని 3.7తో గుణిస్తే 74 వాట్-గంటలు. ఇదే అసలైన శక్తి పరిమాణం. ఫోనుకు శక్తి 5 వోల్టుల దగ్గర పోతుంది. మార్పిడిలో పదవ వంతుకు పైగా వేడిగా పోతుంది. కాబట్టి నిజాయితీగల 20,000 పెట్టె కూడా 5 వోల్టుల వద్ద 12, 13 వేలకు మించి ఇవ్వలేదు. మంచి కంపెనీలు ఈ రెండవ సంఖ్యను కూడా పెట్టె వెనుక చిన్న అక్షరాలతో ముద్రిస్తారు. పెద్ద అక్షరాల సంఖ్య గాక యీ చిన్న అక్షరాల సంఖ్యనే చదవాలి.

రెండవ పరీక్ష మరీ సులభం. పెట్టెను తూచండి. సాధారణ పవర్ బ్యాంకులలో వాడే లిథియం ఘటం గ్రాముకు పావు వాట్-గంట శక్తిని నిలువ చేయగలదు. అంతకు మించడం కష్టం. 74 వాట్-గంటలకు ఘటాలే సుమారు 300 గ్రాములు తూగవలెను. తొడుగు, సర్క్యూటు బరువు అదనం. నా పెట్టెను ప్రయోగశాల త్రాసులో పెట్టితే మొత్తం 140 గ్రాములు. ఈ లెక్క కొనకముందు చేయవలసినది. కూరగాయల బండి వద్ద తూకం చూడనిదే వంకాయలు తీసుకోని మనం, పవర్ బ్యాంకును ఏనాడైనా తూచి కొన్నామా?

ఇక్కడ పోయినది మూడువందల యాభై రూపాయలు మాత్రమే కాదు. లిథియం ఘటానికి అతిగా ఛార్జి కాకుండా, షార్టు కాకుండా కాపాడే రక్షణ సర్క్యూటు ఉండాలి. చవక చేయడానికి మొట్టమొదట తొలగించేది దానినే. అది లేని ఘటం ఉబ్బి, నిప్పు అంటుకోవచ్చును. అనుమానం కలిగిన పెట్టెను విప్పి చూడబోకండి. భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు చేసిన పవర్ బ్యాంకు మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య నిజమో కాదో ఆ సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోను అప్లికేషనులో చూసుకోవచ్చును. అలాగని నాలుగు రెట్ల ధర పెట్టిన ప్రతి పెట్టె నాలుగు రెట్లు మంచిదని కాదు. నమోదు సంఖ్య, బరువు, చిన్న అక్షరాల సంఖ్య ఈ మూడూ సరిపోయిన వాటిలో అన్నిటికంటె చవకైనది కొనుక్కోవడమే వివేకం. పై మెరుపుకు, రంగుకు ఇచ్చే సొమ్ము శక్తికి ఇచ్చినది కాదు.

ఒకే ఫ్యాను, రెండు గదులు

ఖరీదైన వస్తువు నిజంగా గిట్టుబాటయ్యే సందర్భం కూడా చూడాలి. ఇప్పుడు దుకాణాలలో రెండు రకాల సీలింగు ఫ్యానులు అమ్ముతున్నారు. ఒకటి మనం చిన్ననాటి నుండి చూసిన ఇండక్షన్ మోటారు ఫ్యాను. రెండవది బి.ఎల్.డి.సి. ఫ్యాను. మొదటి రకంలో తిరిగే భాగంలో కరెంటును ప్రేరేపించి తిప్పుతారు. ఆ కరెంటులో కొంత వేడిగా పోతుంది. చాలాసేపు తిరిగిన ఫ్యాను నడిమి డొప్పను ముట్టుకొంటే ఆ వేడి తెలుస్తుంది. రెండవ రకంలో తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటవి. ఒక చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూటు తీగచుట్టలలో కరెంటును సమయానికి మార్చుతూ వాటిని లాగుతుంది. అందుచేత నష్టం తక్కువ. పూర్తి వేగంలో మొదటిది సుమారు 75 వాట్లు, రెండవది సుమారు 30 వాట్లు తీసుకొంటవి. ఇచ్చే గాలి దాదాపు సమానం.

ఫ్యాను పని గాలి వీచడం. దాని కొలత నిమిషానికి ఎన్ని ఘనమీటర్లు అనేది. దానిని వాట్లతో భాగిస్తే ఫ్యాను సామర్థ్యం తెలుస్తుంది. 220 ఘనమీటర్ల గాలి ఇచ్చే ఫ్యాను 75 వాట్లు తీసుకొంటే వాట్‌కు 3 కూడా రాదు. 30 వాట్లు తీసుకొంటే 7 దాటుతుంది. 2023 జనవరి 1 నుండి సీలింగు ఫ్యానులకు నక్షత్రాల చీటీ తప్పనిసరి అయినది. ఆ నక్షత్రాలు ఇచ్చేది ఈ భాగహారాన్ని బట్టియే. దుకాణంలో మనకు చూపేది మాత్రం రిమోటు, రంగు దీపం, ఫోనుతో నడిపే సౌకర్యం. వీటిలో ఏదీ గాలి కాదు.

ఇక డబ్బు లెక్క. మామూలు ఫ్యాను 1,600 రూపాయలు, బి.ఎల్.డి.సి. ఫ్యాను 3,000 రూపాయలు అనుకొందాము. తేడా 1,400. ముందుగదిలో ఫ్యాను రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగితే 3,600 గంటలు. ఆదా అయ్యే 45 వాట్లను దీనితో గుణిస్తే 162 యూనిట్లు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుండి అమలైన ధరల పట్టికలో నెలకు 101 నుండి 200 వరకు యూనిటుకు 4 రూపాయల 80 పైసలు. ఆ లెక్కన ఏడాదికి ఆదా సుమారు 778 రూపాయలు. రెండేళ్ళు నిండకముందే తేడా తీరిపోతుంది. ఇదే ఫ్యానును చుట్టాల గదిలో బిగించినామనుకోండి. ఏడాదిలో వంద రోజులు, రోజుకు రెండు గంటలు తిరిగితే ఆదా 9 యూనిట్లు, అనగా 43 రూపాయలు. తేడా తీరడానికి ముప్పై రెండేళ్ళు. ఫ్యానే అంతకాలం ఉండదు. కాబట్టి ఇల్లంతా ఒకే రకం బిగించమనే దుకాణదారు సలహాలో సగమే నిజం.

200 యూనిట్ల గీత

ఈ లెక్కలో ఇంకొక మెలిక ఉన్నది. పై పట్టిక ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటిన యింటికి మొదటి 200 యూనిట్లకే 5 రూపాయల 10 పైసల చొప్పున పడుతుంది. ఆ పైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం క్రింద అర్హతగల తెల్లకార్డు కుటుంబాలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా.

ఒక తెల్లకార్డు కుటుంబం మామూలు నెలల్లో 170 యూనిట్లు వాడుతున్నదనుకొందాము. వారికి బి.ఎల్.డి.సి. ఫ్యాను వలన పైసా ఆదా లేదు. బిల్లే లేనప్పుడు తగ్గేదేమిటి? అదే కుటుంబం మే నెలలో 215 యూనిట్లు వాడినదనుకోండి. మొత్తం 215 యూనిట్లకూ బిల్లు వస్తుంది. ఇతర ఛార్జీలు కాక 1,135 రూపాయల 50 పైసలు. రోజుకు 16 గంటలు తిరిగే ఒక్క ఫ్యానును మార్చి వుంటే ఆ నెలలో 21.6 యూనిట్లు తగ్గి 193.4 అయ్యేది. బిల్లు సున్నా అయ్యేది. ఒక్క వేసవి నెలలో ఒక్క ఫ్యాను చేసిన మేలు వేయి రూపాయలకు పైగా! ధర చూసి చెప్పలేని సంగతి ఇది. మీటరు చూస్తేనే తెలుస్తుంది.

వేచి చూడడం

కొత్త వస్తువు ఎప్పుడు కొనాలనేది కూడా విలువలో భాగమే. ఎల్.ఇ.డి. బల్బును గుర్తుకు తెచ్చుకోండి. 2014 ఆరంభంలో కేంద్రప్రభుత్వ సంస్థ ఇ.ఇ.ఎస్.ఎల్. ఒక్కొక్క బల్బును 310 రూపాయలకు కొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమగోదావరి జిల్లాలలో 2014లోనే ఇంటింటికి పంపిణీ మొదలైనది. 2015 జనవరిలో దేశమంతటికీ పథకం వచ్చినది. కోట్ల కొలది బల్బులు ఒక్కసారిగా కొనడంతో 2016 నాటికి కొనుగోలు ధర 38 రూపాయలకు దిగినది. సంపన్నుల వస్తువుగా ఉన్నది మూడేళ్ళలో అందరి వస్తువు అయినది. ఈనాడు అద్దాల దుకాణంలో ఉన్న కొత్తదనం రేపు బండి మీదికి రావచ్చును. ఆత్రం లేనివానికి కాలమే తగ్గింపు ధర ఇస్తుంది.

మనకు దొరకని సమాచారం

వస్తువుల మీద విమర్శలు ఈనాడు కొల్లలుగా వస్తున్నవి. వాటి మీద నాకు ఒక అభియోగం ఉన్నది. వాటిలో పెక్కు కొన్న మొదటి వారంలోనే వ్రాసినవి. పెట్టె విప్పిన నాడు ప్రతి వస్తువు బాగానే ఉంటుంది. మూడవ వేసవిలో ఆ బి.ఎల్.డి.సి. ఫ్యాను సర్క్యూటు కాలిపోతే ఎవరు బాగుచేస్తారు? పాత ఫ్యాను ఆగిపోతే వీధి చివరి మెకానిక్కు కండెన్సరు మార్చి తిప్పి ఇచ్చేవాడు. కొత్త ఫ్యానుకు ఆ కంపెనీ సర్క్యూటే కావాలి. దాని ధర ఆదాలో నుండి తీసివేసి లెక్క చూడాలి. కోఠీలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్టులో ఫోను మరమ్మతులు చేసేవారి నేర్పు మన నగరానికి ఒక ఆస్తి. కాని భాగాలే అమ్మని కంపెనీ ముందు ఏ నేర్పూ పనిచేయదు.

ఫ్రాన్సు దేశంలో 2021 జనవరి 1 నుండి ఫోనులు, టెలివిజన్లు వంటి కొన్ని వస్తువుల మీద మరమ్మతుకు ఎంత అనువో పదికి మార్కులు వేసి చూపడం మొదలుపెట్టినారు. మన కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2022లో మరమ్మతు హక్కును గురించి ఒక సంఘాన్ని నియమించి, అదే ఏడాది చివర ఒక వేదికను ప్రారంభించినది. ధరచీటీ ప్రక్కన మరమ్మతు మార్కు కూడా ఉండవలెనని మనం అడగాలి. మోసం జరిగినప్పుడు బిల్లు ఉంటే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. బండి మీద కొన్న నాకు బిల్లు లేదు. ఆ చవకలో అది కూడా ఒక తరుగు.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. శక్తి, సామర్థ్యం, విద్యుద్విశ్లేషణం అనే పాఠాలు చెప్పిన వారంలో ప్రతి విద్యార్థిచేత తన యింటిలోని ఒక ఉపకరణాన్ని పరీక్షింపజేయండి. మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయించితే చాలును. ఇది చేసే పని ఏమిటి, దాని కొలత ఏది? ఆ పని మా యింట్లో రోజుకు ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని రోజులు కావాలి? చెడిపోతే ఎవరు, ఎంతకు బాగుచేస్తారు? ఈ మూడింటికి జవాబు దొరకని వస్తువును, అది మూడువందలదైనా ముప్పై వేలదైనా, ఆనాటికి కొనకుండా ఇంటికి వెళ్ళడం మంచిది.

గోధుమరంగు నీరు తెచ్చిన విద్యార్థి సంగతి అడుగుతారేమో. దుకాణంవారు ఫిల్టరును తిరిగి తీసుకోలేదు. ఆరు వాయిదాలూ వాళ్ళ నాన్న కట్టినాడు. పరీక్ష ఫీజు మాత్రం అపరాధ రుసుముతో కట్టవలసి వచ్చినది. అయితే ఆ మరుసటి ఆదివారం అదే అమ్మకందారు ప్రక్కవాటాకు వచ్చినప్పుడు ఆ పిల్లవాడు వంటయింటి నుండి చిటికెడు ఉప్పు తెచ్చి, "ఇది మీ ఫిల్టరు నీళ్ళలో వేసి చూపించండి అన్నా" అన్నాడట. ప్రక్కవాటావారు ఫిల్టరు కొనలేదు.